నొప్పి ఎప్పుడు మొదలైంది

అది అజీర్తి కాదని బురుల్‌కు తెలిసొచ్చేసరికి కదలడానికి చోటు లేదు. ముందు చమురు ట్యాంకరు, వెనక గొర్రెల లారీ, ఎడమ పక్క మనిషిని మించిన ఎత్తున మంచుగోడ, కుడి పక్క లోయ. తో-అషూ కనుమ మీది సొరంగం ముందు అడ్డుకర్ర దించి అప్పటికి యాభై నిమిషాలైంది. సొరంగం అవతల రోడ్డు మీదికి మంచు జారిందనీ, దాన్ని తోసే యంత్రం పైకొస్తోందనీ, గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చనీ వాహనాల వెంట ఒకరి నోటినుంచి ఒకరికి కబురు పాకింది. డ్రైవరు జుమాదిల్ ఇంజను ఆపేశాడు గాని స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. పక్క సీటులో బురుల్ తన లెక్కల్లో తానుంది. పెట్టెలో డ్రై ఐస్ సాయంత్రం దాకా ఆగుతుందా, నలభై గొట్టాల మీదా నంబర్లు సరిగా అంటించానా, ప్రయోగశాల తాళం ఎవరి దగ్గరుంది, అనుకుంటూ ఏదో అడగబోయి అతని వైపు తిరిగింది. ఏప్రిల్ నెలాఖరు. అద్దం లోపలివైపు ఊపిరి గడ్డకట్టే చలి. అతని పైపెదవి మీద చెమట. చుక్క పక్కన చుక్క. మొహం పొయ్యిలోంచి తీసిన బూడిద రంగులో ఉంది. ట్యాంకరు వెనక 'మంట దూరం' అని రాసిన ఎర్రటి అక్షరాల్ని కూడబలుక్కుంటున్నట్టు ముందుకే చూస్తున్నాడు. “అన్నా,” అంది ఆమె. అతను తల తిప్పలేదు. “ఈ ఎడమ చెయ్యి నాది కానట్టుంది చెల్లెమ్మా,” అన్నాడు.

ఆ తరువాతి పది నిమిషాలూ ఆమె కాళ్ళే నడిపించాయి. ఫోనులో సిగ్నలు ఒక గీత వచ్చి పోతోంది, ఎత్తితే గాలి హోరు తప్ప మాట లేదు. అడ్డుకర్ర దగ్గర నారింజ రంగు కోటు మనిషి పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. మూడు వేల మీటర్ల ఎత్తున పరుగెత్తినందుకు ఆమెకు ఆయాసం తన్నుకొస్తోంది. వేలు పెట్టి వ్యాను చూపించి, “గుండెపోటు. మా డ్రైవరుకి. రేడియోలో అంబులెన్సుని పిలవండి,” అంది.

“గుండెపోటని నీకెలా తెలుసు? ఇక్కడికొస్తే అందరికీ ఆయాసమే.”

“తెలుసు.”

“డాక్టరువా?”

ఆమె ఔనని తలూపింది. అంతే, గింజల పొట్టు ఉమ్మేసి రేడియో అందుకున్నాడు. అవతలివాళ్ళతో అరిచి అరిచి మాట్లాడి, “బండి కింద బయల్దేరింది డాక్టరమ్మా. యంత్రం ఒక పక్క దారి తియ్యంగానే అందరికంటే ముందు దాన్నే వదుల్తాం. అంతకు మించి నా చేతుల్లో లేదు,” అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఒక్కో వాహనం అద్దం మీదా కొట్టుకుంటూ వెళ్ళింది. ఆస్పిరిన్ ఉందా, ఆస్పిరిన్ ఉందా. ఒకడు దగ్గు మందు చూపించాడు. ఒకడు వోడ్కా ఇవ్వబోయాడు. తెల్ల మినీబస్సులో తలగుడ్డ చుట్టుకున్న ముసలామె సంచి అడుగునుంచి మాత్రల అట్ట తీసి, “ఎవరికమ్మా?” అంది. “మా అన్నకి, అవ్వా.” “వయసెంత?” “అరవై ఒకటి.” “మా ఆయన యాభై ఏడుకే పోయాడు. రెండు చాలవు, అట్ట మొత్తం పట్టుకుపో. మింగొద్దను, నమలమను. అప్పుడు మాకు చెప్పినవాడు లేడు.”

అతను నమిలాడు. చేదుకు మొహం ముడిచి, “గుర్రానికి పెట్టే మందులా ఉంది,” అన్నాడు. వెనక సీటులోకి మార్చి, వీపు కింద దుప్పట్లు మడతపెట్టి సగం కూర్చోబెట్టింది. గొర్రెల లారీ డ్రైవరు వచ్చి చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. వెనక సీటు ముందు జాగా అంతా ఆక్రమించుకుని తెల్లటి థర్మాకోల్ పెట్టె ఉంది. అందులో పదిహేను కిలోల డ్రై ఐస్. దారి పొడవునా ఆమె వైపు అద్దం రెండు వేళ్ళ సందు తెరిచి ఉండేది, ఆ మంచులోంచి లేచే వాయువు లోపల నిండకుండా. చలేస్తోందని జుమాదిల్ ఎప్పుడో దాన్ని మూసేశాడు. ఎప్పుడు మూశాడో ఆమె చూడలేదు. అసలే గాలి పలచటి చోటు, మూసిన డబ్బా లాంటి వ్యాను, పక్కనే పొగలు కక్కే పెట్టె. ఆమె తలుపు బార్లా తీసి పెట్టెను ఈడ్చి రోడ్డు అంచున మంచులో పడేసింది. ఎనిమిది రోజులు ఊరూరా తిరిగి పోగుచేసిన రక్తం. లారీ డ్రైవరు కాసేపు నిలబడి, ఏం చెయ్యాలో తోచక దాని మీదే కూర్చున్నాడు. ఆమె కూర్చోవద్దని అనలేదు.

ఇక చెయ్యడానికేమీ మిగల్లేదు. ఆ సంగతి అర్థమైన క్షణం నుంచే అసలు గంట మొదలైంది. ఆమె అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. నాడి పరుగెడుతోంది, నాలుగు అడుగులు వేసి ఒకటి తప్పుతోంది, మళ్ళీ అందుకుంటోంది. ఆ తప్పిన చోట ఆమె ఊపిరి కూడా ఆగుతోంది. పదిహేనేళ్ళు ఇదే చదివింది. ఇదే, ఈ గంటే. గుండెకు రక్తం మోసే నాళంలో ఒకచోట గడ్డ కూర్చుంటుంది. దానికి దిగువనున్న కండకు ఏమీ అందదు. అరగంటలోపే లోపలి పొరలో మొదటి కణాలు పోతాయి, ఆ పైన చావు లోపలి నుంచి బయటికి, పొర తరువాత పొర, గంట తరువాత గంట నడుస్తుంది. ఆ నడకను ఆమె గాజు గిన్నెల్లో వందలసార్లు చూసింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల గుండెల్ని విడదీసి గిన్నెలో పోస్తే రెండో రోజుకు కణాలు అడుగున అతుక్కుని, మూడో రోజుకు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని అన్నీ కలిసి కొట్టుకోవడం మొదలుపెట్టేవి. ముందు చూడు, తరువాతే లెక్కపెట్టు, అనేది ఆమె గురువు వేరా లియోనిదొవ్నా. పళ్ళ సందున ఆరిన సిగరెట్టు పెట్టుకుని సూక్ష్మదర్శిని పక్కన నిలబడేది ఆ ముసలావిడ. ముందు చూడు పిల్లా, ఇవి నీకేమీ అపకారం చెయ్యలేదు. గిన్నెను ఆక్సిజను తీసేసిన డబ్బాలో పెట్టేవాళ్ళు. కణం మొదట చేతులు ముడుచుకునేది. తరువాత గుండ్రంగా అయ్యేది. ఒళ్ళంతా చిన్న చిన్న బుడగలు లేచేవి. పక్కది అప్పటికీ కొట్టుకుంటూనే ఉండేది. చివర్లో నీలం రంగు పోస్తే బతికున్నది రంగును లోపలికి రానిచ్చేది కాదు, చచ్చింది తెరిచిన ఇల్లులా నీలం నింపుకునేది. నీలాల్ని లెక్కపెట్టేది బురుల్. చేతిలో చిన్న యంత్రం, నొక్కితే ఒకటి. టిక్కు, టిక్కు, టిక్కు. జుమాదిల్ మణికట్టు మీద బొటనవేలు ఇప్పుడు తనకు తెలియకుండానే అలా నొక్కుతోంది. గమనించి ఆపేసింది.

ఊరికే చావవు కణాలు. కొన్ని పగిలి చస్తాయి, వాటి సంగతి వేరు. చాలా కణాల లోపల ముందొక వాదన నడుస్తుంది, ఉందామా పోదామా అని. ఆ వాదనలో మాట తిప్పేవే ఆమె వెంటపడిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఇరవై రెండు అక్షరాల పోగు, అంతే. అవి దేన్నీ తయారుచెయ్యవు. ఫలానాది తయారుచెయ్యండని కణం లోపల తిరిగే ఉత్తర్వును దారిలో పట్టుకుని నోరు మూయిస్తాయి. చావమన్న ఉత్తర్వు నోరు మూస్తే కణం నిలబడుతుంది, బతకమన్న ఉత్తర్వు నోరు మూస్తే పోతుంది. వాటికి పేర్లు లేవు, నంబర్లున్నాయి. రెండొందల పది అనేది ఊపిరి అందనప్పుడు పెరుగుతుంది, తట్టుకోమంటుంది. ఎలుకల్లో ఆ మాట నిజం. ముప్పై నాలుగు వయసుతో పాటు పెరుగుతుంది, చాలించమంటుంది. గాలి పలచగా ఉండే ఈ లోయలో పుట్టి పెరిగిన వాళ్ళ రక్తంలో రెండొందల పది ఎక్కువుంటుందా, ఉంటే వాళ్ళ గుండెలు ఎక్కువసేపు ఓర్చుకుంటాయా, ఇదీ ఆమె ప్రశ్న. మూడేళ్ళు అర్జీలు పెట్టి అనుమతి తెచ్చుకున్న ప్రశ్న. జుమాదిల్ ఈ లోయలోనే పుట్టాడు. జుమాదిల్‌కు అరవై ఒకటి. లోపల రెండూ మాట్లాడుతూనే ఉండి ఉంటాయి. ఏది గెలుస్తోందో తెలిసిన మనిషి ప్రపంచంలో ఎవరైనా ఉంటే ఆమె లాంటివాళ్ళే ఉండాలి, ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆమెకు తెలియదు. తెలిసినా ఆ వాదన జరిగే చోటికి ఆమె చెయ్యి చేరదు. బయట గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. తెరిచిన తలుపులోంచి ఉన్నివాసన, డీజిలు వాసన, కరుగుతున్న మంచు వాసన.

పొద్దున ఏడూ ముప్పావు. ఎటు తిరిగినా మనసు అక్కడికే వచ్చి ఆగుతోంది. ఊరి చివర ఆరోగ్య కేంద్రం అరుగు మీద గొట్టాలకు చీటీలు అంటిస్తోంది ఆమె. జుమాదిల్ పెట్టె మోసుకుంటూ వచ్చి, మెట్టు మీద దింపి, దాని పక్కనే చతికిలబడ్డాడు. ఎప్పుడూ అలా కూర్చునే మనిషి కాదు. వ్యాను అద్దాలు తుడుస్తూనో, టైర్లు తంతూనో, దారినపోయే ఆడవాళ్ళని ఆటపట్టిస్తూనో ఉంటాడు. “చెల్లెమ్మా, గుండె డాక్టరువి గదా, ఇక్కడేదో మంట, కాస్త చూడు,” అని కుడి చేతి గుప్పిట బిగించి రొమ్ము మధ్య పెట్టుకున్నాడు. వేలితో చూపించలేదు. గుప్పిట పెట్టాడు. గుప్పిట పెడితే గుండెనొప్పేనని చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది, బొమ్మ కూడా ఉంది. ఆమె తల ఎత్తి చూసింది కూడా. చూసి, “రాత్రి ఆ గుర్రం కొవ్వంతా ఎవరు లాగించారు? వేడి టీ నాలుగు కప్పులు తాగు, అదే పోతుంది,” అంది. ఎందుకంటే నలభయ్యో మనిషి రాలేదు. మందల కాపరి ఒకడు ఏడింటికి వస్తానని రాలేదు. ముప్పై తొమ్మిదితో వెనక్కి వెళ్తే కుదరదని కాదు, కుదురుతుంది, కాని పట్టికలో నలభై అని రాసుకుంది. డ్రై ఐస్ తరిగిపోతోంది. ఎనిమిదిన్నరకు బయల్దేరకపోతే సాయంత్రానికి నగరం చేరరు. “అన్నా, నువ్వూ ఈ లోయవాడివే గదా, చెయ్యి చాపు,” అంది. అతను నవ్వి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. స్పిరిటు దూది పెట్టేటప్పుడు చర్మం తడిగా, చల్లగా తగిలింది. తగిలింది. ఆమె వేళ్ళకు తెలిసింది. వ్యాను మీద మంచు దులిపాడు కదా అనుకుంది. అనుకుని సూది గుచ్చి రక్తం తీసి, నలభై అని చీటీ అంటించి, డ్రై ఐస్‌లో దింపి, మూత పెట్టింది. ఆ మీదట ఆ మనిషి చేత అరవై కిలోమీటర్లు ఘాట్ రోడ్డులో బండి నడిపించింది. దారిలో రెండుసార్లు బండి ఆపి కిందికి దిగాడు. రెండుసార్లూ ఆమె గడియారం చూసుకుంది.

గుండె డాక్టరమ్మ. ఆ పేరు అత్తగారు పెట్టింది. ఇంటి మెట్ల దగ్గర కూర్చునే ముసలమ్మలందరికీ, మా కోడలు గుండెలు బాగుచేస్తుంది, అని చాటింది. ఎవరెవరో ఈసీజీ కాగితాలు చుట్టలు చుట్టుకుని తలుపు కొట్టేవాళ్ళు, కేకో ఎండు పెరుగు ఉండలో పట్టుకొచ్చేవాళ్ళు. నేను మనుషుల్ని చూడనని మొదట్లో చెప్పేది. చెబితే వాళ్ళ మొహాలు చిన్నబోయేవి, అత్తగారి మొహం ఇంకా చిన్నబోయేది. తరువాత్తరువాత కాగితం అటూ ఇటూ తిప్పి, ఒకసారి ఆసుపత్రిలో చూపించండి, అని గంభీరంగా అనడం అలవాటు చేసుకుంది. అందులో మోసమేముంది, మంచి మాటే కదా. ఆ మంచి మాట పొద్దున నాలుక మీదికి ఎందుకు రాలేదు? మెట్ల దగ్గరి ముసలమ్మలకు ఇన్నేళ్ళు పంచిపెట్టిన ఒక్క ముక్క, ఆసుపత్రిలో చూపించన్నా అని. ఆరోగ్య కేంద్రం అరుగు మీదే కూర్చుని ఉన్నారు. లోపల నర్సు ఉంది. పాతదైనా ఈసీజీ యంత్రం ఉంది. తలుపు తెరిచే ఉంది.

“అన్నా,” అంది. అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. “అన్నా, నేను డాక్టర్ని కాను.”

ఒక కన్ను తెరిచాడు. “తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“మొదటి ఏడాది నుంచే. ఎలుకల బోనులు మీ మేడ మీదికి మోసిందెవరనుకున్నావు?” మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. “డాక్టరు దగ్గరికి మనుషులొస్తారు. నీ దగ్గరికి ఎలుకలొచ్చేవి. అవైనా ఒక్కటీ తిరిగి ఇంటికెళ్ళింది లేదు.”

అతని పెదవి కొస నవ్వింది. ఆమె అతని పైపెదవి మీది చెమట తుడిచింది. “మరి పొద్దున నన్నెందుకడిగావు?”

అతని రెప్ప మళ్ళీ వాలింది. నిద్రపోయాడా అని ఆమె వంగి చూసింది. “ఎవర్నో ఒకర్ని అడగాలి గదా,” అన్నాడు. “అక్కడ నువ్వున్నావు.”

ఆ మాట తిట్టులా అనలేదు. టీలో పంచదార వెయ్యమన్నంత మామూలుగా అన్నాడు. తలుపు తెరిచే ఉంది, దిగి పోవచ్చు, రోడ్డు మీద అటూ ఇటూ తిరగొచ్చు, అయినా ఆ వ్యానులోంచి ఆమె ఎక్కడికీ పోలేదు. పదిహేనేళ్ళలో ఎప్పుడూ ఇంత దగ్గరగా ఒక గుండె పక్కన కూర్చోలేదు. గిన్నెలో కణాలు చచ్చిపోతుంటే డబ్బా తలుపు తీసి ఆక్సిజను ఇవ్వొచ్చు, ఆమె చెయ్యి అందే దూరంలో గడియ ఉండేది. ఇచ్చినా, అదొక విడ్డూరం, ఊపిరి అందిన ఆ మొదటి నిమిషాల్లోనే ఇంకొన్ని పోయేవి. ఆకలికి ఓర్చినవి అన్నం పెట్టగానే పోయినట్టు. మొదటిసారి చూసినప్పుడు తానేదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ మళ్ళీ చేసింది. పొరపాటు కాదు పిల్లా, అంది వేరా లియోనిదొవ్నా, ఆలస్యంగా వచ్చిన గాలి కూడా చంపుతుంది, రాసుకో. రాసుకుంది. ఆ రాసుకున్నదాని మీదే పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, విదేశీ పత్రికలో పేరు వచ్చింది. ఆలస్యం అనే మాట ఆమె వ్యాసాల్లో ఎన్నిసార్లు వచ్చిందో. ఎప్పుడూ దాని పక్కన ఒక అంకె ఉండేది, నిమిషాల్లో. మనిషి ఉండేవాడు కాదు.

అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కాని వచ్చింది, చాలా నెమ్మదిగా, శుభ్రంగా వచ్చింది. ఏడూ ముప్పావుకు తీసిన రక్తం ఉంది. నొప్పి మొదలైన మొదటి నిమిషాల రక్తం. అలాంటిది ఎవరి దగ్గరా ఉండదు, ఎందుకంటే నొప్పి వచ్చిన మనిషి పక్కన ఆ నిమిషానే సూది పట్టుకుని ఎవరూ కూర్చుని ఉండరు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. ఇప్పుడు ఇంకో గొట్టం తీస్తే, సాయంత్రం మరొకటి తీస్తే, ఒకే మనిషిలో, లోయలో పుట్టిన మనిషిలో, ఆ పోగులు గంట గంటకూ ఎలా పెరిగాయో... సూదుల సంచి ముందు సీటు కింద ఉంది. ఆమె చూపు ఆ సంచి మీద ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆమెకే తెలియదు. తల ఎత్తేసరికి జుమాదిల్ ఆమెనే చూస్తున్నాడు. “ఊరికే కూర్చున్నావు,” అన్నాడు. “కావలిస్తే ఇంకో సీసా తీసుకో. నా దగ్గర బోలెడుంది.” వేళాకోళానికన్నాడా, నిజంగానే అన్నాడా, ఆమె మొహంలో కనిపించే అన్నాడా. ఆమె చేత్తో ఆ సంచిని లోపలికి, ఇంకా లోపలికి తోసేసింది. “అక్కర్లేదన్నా,” అంది. బయట పెట్టె మీద కూర్చున్న లారీ డ్రైవరు లేచి లోపలికి తొంగిచూసి, “ఎలా ఉంది?” అని పెదవులతో అడిగాడు. ఆమె తల అడ్డంగానూ నిలువుగానూ కాకుండా ఊపింది.

అతని పెదవులు నీలంగా మారుతున్నాయి. నీలం అన్న మాట మనసులో మెదలగానే ఆమె దాన్ని తోసేసింది, అది మళ్ళీ వచ్చింది. మూడు అడుగులకు ఒకసారి తప్పుతోంది నాడి. రెండుకు ఒకసారి. మళ్ళీ నాలుగు. నిలబడండి, అనుకుంది, ఎవరినో ఏమిటో తెలియకుండా, ఆ కండలో ఇంకా చేతులు పట్టుకుని ఉన్నవాటిని, లోపలి పొర పోయినా బయటి పొరలో మిగిలినవాటిని. మీ లోయ గాలికి అలవాటుపడ్డారు కదా, ఇంకొంచెంసేపు. చదువుకున్నదానివి, ఏమిటీ ప్రార్థన, అనుకుంది. ప్రార్థన ఆపలేదు. ఒకసారి అతను కళ్ళు తెరవకుండానే, “తుర్సునాయ్‌కి చెప్పొద్దు,” అన్నాడు. భార్య పేరు. “ఏం చెప్పొద్దు?” అంది. “భయపడుద్ది,” అన్నాడు. అంతే.

సొరంగం లోపల వెలుగు కనిపించింది. మొదట ఒకటే, పసుప్పచ్చగా, తరువాత రెండుగా విడిపోయి, తరువాత మోత. నారింజ కోటు మనిషి అడ్డుకర్ర ఎత్తి రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. “తప్పుకోండి, తప్పుకోండి, డాక్టరమ్మా, వచ్చేసింది!” అంబులెన్సులోంచి పొట్టి జుట్టు డాక్టరు ఒకామె దిగింది, నలభై ఏళ్ళుంటాయి, పరుగెత్తలేదు, పెద్ద అంగలు వేసింది. రెండు చూపుల్లో అతన్ని చదివేసింది. తీగలు అంటించింది, కాగితం బయటికి వస్తుంటే దాన్ని చూస్తూనే అడిగింది. “నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“ఇప్పుడే,” అన్నాడు జుమాదిల్. అంతసేపూ మూసుకున్న కళ్ళు పూర్తిగా తెరిచాడు. “ఇక్కడ ఆగాకనే. గంట... గంటంబావు.” అతని చల్లటి చెయ్యి బురుల్ చేతిని వెతుక్కుని పట్టుకుంది. పట్టుకుని నొక్కింది. ఊరుకో అన్నట్టు. అంత బలం ఇంకా ఉందా అని ఆమె ఆశ్చర్యపోయేటంత గట్టిగా.

గంటంబావు. ఆ మాటలోకి ఆమె నడిచి వెళ్ళిపోవచ్చు. అతనే తలుపు తీసి పట్టుకున్నాడు. అడిగేవాళ్ళు లేరు. అరుగు మీద మూడో మనిషి లేడు.

“కాదు,” అంది. “పొద్దున ఏడూ ముప్పావుకి. గుప్పిట ఇక్కడ పెట్టి చూపించాడు. నాకే చెప్పాడు. నేను అజీర్తి అన్నాను. ఆ తరువాత బండి నడిపాడు.”

ఆవిడ కాగితం మీంచి కళ్ళెత్తింది. “మీరు డాక్టరని చెప్పారు వీళ్ళు.”

“కాను.”

నారింజ కోటు మనిషి పక్కనే ఉన్నాడు. విన్నాడు. ఆవిడ గడియారం చూసుకుంది. “నాలుగున్నర గంటలు,” అంది తనలో తాను. తరువాత లోపలున్న సహాయకుడికి వరసగా చెప్పుకుంటూ పోయింది. గడ్డ కరిగించే మందు ఇప్పుడే ఇక్కడే ఇచ్చేద్దాం, కాని ఇంతసేపైన గడ్డ మందుకు లొంగకపోవచ్చు, కింది ఊళ్ళో ఆగొద్దు, నేరుగా నగరానికే పోదాం, నాళంలోకి తీగె పంపే గది సిద్ధంగా ఉంచమని రేడియోలో చెప్పు, ఇప్పుడే చెప్పు. బురుల్‌ని తిట్టలేదు. పరవాలేదని కూడా అనలేదు. ఒక్కసారి, మందు ఎక్కిస్తూ, “ఇది చెప్పకపోతే కింద ఆగిపోయేవాళ్ళం,” అంది, అదీ సిరంజితోనే అన్నట్టు. స్ట్రెచరు మీదికి ఎక్కించేటప్పుడు జుమాదిల్ ఆక్సిజను ముసుగు కింద నుంచి ఏదో అన్నాడు. ఆమె వంగింది. “తిక్కదానివి,” అంటున్నాడు. “తిక్కదానివి నువ్వు.” తలుపులు మూశారు. లోపల ఒక్కరికే చోటు. బండి సొరంగంలోకి వెళ్ళిపోయింది, వెనక ఎర్రదీపాలు చిన్నవై చిన్నవై ఒకటై, పోయింది. అడ్డుకర్ర మళ్ళీ దిగింది.

ముందు ట్యాంకరు, వెనక గొర్రెలు. ఆమెకు బండి నడపడం రాదు. డ్రైవరు సీటులో కూర్చుంది, ఎందుకో. స్టీరింగు మీద అతని అరచేతులు ఉన్నచోట రెండు మచ్చలు నున్నగా మెరుస్తున్నాయి. ఇప్పుడు నాళం తెరుచుకుంటుందా, తెరుచుకుంటే ఆ మొదటి నిమిషాలను ఎన్ని తట్టుకుంటాయి, ఎన్ని పోతాయి, నాలుగున్నర గంటల్లో కండలో ఎంత మిగిలి ఉంటుంది, ఎనిమిదింటికే నర్సు ఫోను చేసి ఉంటే ఎంత మిగిలేది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఆమె లెక్క కట్టగలదు. కట్టింది. కట్టకుండా ఉండలేకపోయింది. నారింజ కోటు మనిషి రెండుసార్లు అటూ ఇటూ పోయాడు, ఆమె వైపు చూడలేదు. రెండూ నలభైకి మాత్రం వచ్చి అద్దం మీద కొట్టాడు. “నగరం చేరాడంట. బతికే ఉన్నాడు. తీగె పంపి తెరిచారంట. గుండె చాలా దెబ్బతిందనీ, ఎంత మిగిలిందో రెండు మూడు రోజులు పోతే గాని చెప్పలేమనీ అంటున్నారు.” ఆగి, జేబులోంచి గుప్పెడు గింజలు తీసి ఆమె ఒళ్ళో పోశాడు. “తినండి. పొద్దున్నించీ ఏమీ తినలేదు మీరు.” ఈసారి డాక్టరమ్మా అనలేదు.

ఎక్కడో మోగింది. గేరు కర్ర దగ్గర, తుడిచే గుడ్డ కింద, జుమాదిల్ ఫోను. సిగ్నలు ఒక గీత. తెర మీద 'ఇల్లు' అని ఉంది. ఆమె మోగనిచ్చింది. ఆగింది. మళ్ళీ మోగింది.

“ఏమయ్యా, ఎక్కడ చచ్చావు, పన్నెండుకల్లా కనుమ దిగి ఫోను చేస్తానన్నావు, పిండి కలిపి మూడు గంటలైంది...”

“వదినా, నేను బురుల్‌ని.” చెప్పింది. గుండెపోటనీ, నగరంలో పెద్దాసుపత్రిలో ఉన్నాడనీ, బతికే ఉన్నాడనీ. బతికే ఉన్నాడన్న మాట మూడుసార్లు చెప్పింది. అవతల ఏదో గిన్నె కింద పడింది. తరువాత ఏడుపు, ఆ ఏడుపులోంచే, “నువ్వు పక్కనున్నావు గదమ్మా,” అంది తుర్సునాయ్. “డాక్టరువి నువ్వు పక్కనుండబట్టి సరిపోయింది. దేవుడే నిన్ను ఆ బండిలో కూర్చోబెట్టాడు. నీ కాళ్ళు కడిగినా తక్కువే తల్లీ.”

చెప్పమని ఎవరూ అడగలేదు. చెప్పినందువల్ల అతనికి ఒరిగేదీ లేదు ఇప్పుడు. చెప్పొద్దన్నాడు కూడా.

“వదినా,” అంది. “ఏడవకుండా కాసేపు విను. నేను డాక్టర్ని కాను. పొద్దున ఏడూ ముప్పావుకి, ఆరోగ్య కేంద్రం మెట్టు మీద కూర్చుని, ఆయన నాకొక మాట చెప్పాడు.”

అవతల ఏడుపు ఆగింది. “ఏం చెప్పాడు?”

బురుల్ రెండో చెయ్యి స్టీరింగు మీద ఆనించుకుని చెప్పడం మొదలుపెట్టింది.